గింజంత ఇసుక

ఫోన్ మోగేసరికి నేనూ మా ఆయనా పెరట్లో దుప్పటి పిండుతున్నాం. ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస నా చేతిలో. పెళ్ళయి అప్పటికి పంతొమ్మిది రోజులు. ఇద్దరు చెరో వైపు మెలితిప్పితే దుప్పటిలోంచి నీళ్ళు అంత తొందరగా కారిపోతాయని ఆ పంతొమ్మిది రోజుల్లోనే తెలిసింది నాకు. హాస్టల్లో ఉన్న ఐదేళ్ళూ కుళాయికి చుట్టి ఒక్కదాన్నే పిండుకున్నాను మరి.

"మీ ఆఫీసు నంబరే," అన్నాడు ఆయన, కిటికీలో పెట్టిన ఫోన్ వైపు మెడ సాచి.

నా కొస వదిలేసి పరిగెత్తాను. వెనక దబ్బుమని చప్పుడైంది. తిరిగి చూడలేదు.

మా వ్యవసాయ ఆఫీసరు గారు నాలుగు ముక్కలు చెప్పారు. పొట్టు తీసే మర మా ఊరికి మంజూరైంది. ముప్పై మంది చిన్న రైతులకు కొర్రలు విత్తడం దగ్గర్నుంచి బియ్యం చేసేదాకా నేర్పే పని నాది. పట్నంలో ఆడపిల్లల హాస్టల్ వాళ్ళు బియ్యం కొంటామన్నారు. అయితే పదిమంది రైతుల దగ్గర్నుంచి తలా ఒక బస్తా తెచ్చి మర ఆడించి, ఆ మొదటి సరుకు వాళ్ళకు నచ్చితేనే మర మాకు ఉంటుంది. నచ్చకపోతే జాబితాలో తరవాతి ఊరికి వెళ్ళిపోతుంది.

వెనక్కి వచ్చేసరికి మా ఆయన తడి దుప్పటి ఒళ్ళో పెట్టుకుని బురదలో కూర్చునే ఉన్నాడు.

"మంచి వార్త అయితేనే లేస్తా," అన్నాడు.

"లేవండి."

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి ఇద్దర్నీ చూసింది. మామయ్య పోయాక రెండెకరాలూ ఆవిడే చేయించుకుంటోంది. మాట తక్కువ. నేను గుక్కతిప్పుకోకుండా చెప్పిందంతా విని, "మర ఎక్కడ పెడతారట?" అంది.

"ఎవరైనా షెడ్డు ఇస్తే అక్కడ."

"మనకుంది కదా. సామాను తీస్తే సరి. రెండెకరాలూ కొర్రే వేస్తా," అంది.

"ఎందుకైనా మంచిది, ఒక ఎకరం వేసి చూడండి అత్తయ్యా. మర ఉండకపోతే కష్టం." నిజానికి అక్కడ కొర్రలు మానేసింది పండక కాదు, పొట్టు తీయించే దారి లేక. దగ్గర్లో ఉన్న మరకి వెళ్ళి రావడానికే ఒక రోజు పడుతుంది.

"కోడలు చెప్పే పంట అత్త సగమే వేస్తే మిగతావాళ్ళు అసలే వెయ్యరు," అని అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది.

మా ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఆ సాయంత్రం కొట్టు నుంచి వస్తూ రాగితీగతో అల్లిన ఉంగరం తెచ్చాడు. "మరకి మోటారు బిగించేది నేను. ఇది అడ్వాన్సు," అన్నాడు. వేలు రెండ్రోజులకే పచ్చబడింది. తీయలేదు.

షెడ్డు ఖాళీ చేయడానికి మూడు రోజులు పట్టింది. అత్తయ్య ఏదీ పారేయదు. తాడు ముక్కలు, తెగిన చెప్పుల బకిల్స్, మా ఆయన ఒకటో తరగతి పలక, డబ్బాలు లేని మూతలు పద్నాలుగు, మూతలు లేని డబ్బాలు తొమ్మిది. మూతల్ని డబ్బాలతో జత కలుపుదామని ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఒక్కటీ కలవలేదు.

"ఇవి పారేద్దామా అత్తయ్యా?"

"అవి నిన్నేమన్నాయి?"

పారేయలేదు. పాత తలుపు ఒకటి దొరికితే మా ఆయన నల్లరంగు పూసి నాకు బోర్డు చేశాడు. దాని గడియ అలాగే ఉంచాడు. పాఠం అయ్యాక బిగించుకోవచ్చట.

మొదటి పాఠానికి ముప్పై కుర్చీలు వేస్తే పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు టీ తాగి వెళ్ళారు. అత్తయ్య వెనక బల్ల మీద కూర్చుని సంచికి చిరుగు కుడుతోంది. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చాను. ఆవిడ చెయ్యి మంచిదే, చూపే కొంచెం మందం.

ముందు వరసలో ఒక పెద్దాయన. ముప్పాతిక ఎకరం ఉంది ఆయనకు. ఊరంతా సందేహం బాబాయి అంటారని తరవాత తెలిసింది. నేను చెప్పడం మొదలుపెట్టకముందే చెయ్యెత్తాడు.

"అమ్మా, మర వస్తుందన్నావు. కరెంటు ఉంటుందా?"

"పగలు ఆరు గంటలు ఇస్తామన్నారు బాబాయ్."

"కరెంటు ఉన్నప్పుడు మీ ఆయన ఉంటాడా?"

"ఉంటాడు."

"ఇద్దరూ ఉన్నప్పుడు మర బాగుంటుందా?"

వెనకనుంచి అత్తయ్య సూది ఆపకుండా అంది: "నువ్వు రాకపోతే బాగుంటుంది."

"అది సందేహం కాదు వదినా, నిజం," అన్నాడాయన. అందరూ నవ్వారు. నేను కూడా, చేతిలో సుద్దముక్క విరిగిపోయేలా. ముప్పై ఏళ్ళుగా దున్నుతున్నవాళ్ళకు నేను సాగు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. కానీ ఆ నవ్వు తరవాత ఎవరూ లేచి వెళ్ళలేదు. ప్రతి పాఠం చివరా బోర్డు మీద కింద మూల, వచ్చే పాఠం ఏమిటో, ఏం తెచ్చుకోవాలో రాసేదాన్ని. మూడో వారానికి కుర్చీలు నిండాయి. నాలుగోవారం మేమే బల్లలు అడిగి తెచ్చుకున్నాం.

విత్తే పాఠం నాకు బాగా గుర్తుంది, గుర్తుండక తప్పదు కూడా. కొర్ర గింజ ఆవగింజ కంటే కొంచెమే పెద్దది. ఎకరానికి రెండు కిలోలు చాలు. అంత చిన్న గింజను అంత తక్కువగా వెదజల్లాలంటే చెయ్యి ఆగదు, ఒకచోట గుత్తిగా, ఒకచోట బట్టతలలా మొలుస్తుంది. అందుకే ఒక వంతు విత్తనానికి మూడు వంతుల ఇసుక కలుపుతారు. ఇది వాళ్ళకూ తెలుసు. నేను కొత్తగా చెప్పింది ఒకటే: ఇసుకను ముందు జల్లించాలి. విత్తనం ఏ జల్లెడలో దిగుతుందో ఇసుక కూడా అదే జల్లెడలో దిగాలి.

ఆ సీజన్ పాఠాల్లో అత్తయ్య అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అప్పుడే అడిగింది. "వట్టి ఇసుకేగా, జల్లించడం ఎందుకమ్మా?"

"ఇసుక లావుగా ఉంటే ముందు అదే జారిపోతుంది అత్తయ్యా. గింజకీ ఇసుకకీ తేడా తెలియకూడదు. అప్పుడే చేతిలోంచి సమానంగా పడతాయి," అన్నాను. కాలేజీలో ఆ ఒక్క జవాబుకే నాకు పూర్తి మార్కులు వచ్చాయి. మార్కుల సంగతి చెప్పలేదు గానీ, మొహం చెప్పేసే ఉంటుంది.

అందరూ జల్లించారు. సందేహం బాబాయి రెండుసార్లు జల్లించాడు.

మొదటి వానకు విత్తారు. ఎనిమిదో రోజుకు అత్తయ్య పొలంలో మొలక, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు, ఒకే ఎత్తున, ఒకే ఎడంతో నిలబడింది. గట్టు మీద నిలబడి అత్తయ్య చాలాసేపు చూసి, "బాగా పడింది," అంది. ఆవిడ నోటినుంచి అది సన్మానపత్రం. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకు ఆ రెండు మాటలూ ఐదుసార్లు చెప్పాను. ఐదోసారి ఆయనే నాకంటే ముందు అనేశాడు.

విత్తనాలయ్యాక ఎవరి సంచిలో వాళ్ళకు కలిపిన విత్తనం గుప్పెడో రెండు గుప్పెళ్ళో మిగిలింది. మందు పట్టించని విత్తనమే. పారబోయబోతుంటే అత్తయ్య అందరి దగ్గరా అడిగి తెచ్చుకుంది. ఇంటికి తెచ్చి జల్లించి డబ్బాలో పోస్తుంటే నేనే చీటీ మీద 'విత్తనం' అని రాసి అంటించాను. ఇల్లు నాది కూడా అయిందన్న సంబరంలో అప్పటికి ఉప్పుకీ కారానికీ కూడా చీటీలు అంటించి ఉన్నాను.

కలుపు తీయడం, రెండు వారాలు వాన ముఖం చాటేయడం, మళ్ళీ రావడం, ఇవన్నీ అందరికీ అయినట్టే మాకూ అయ్యాయి. కంకి పాలు పోసుకునే వేళకు పిట్టలు దిగాయి. కొర్ర కంకి పిట్టకు వడ్డించిన విస్తరి. దిష్టిబొమ్మలు పెడితే వాటి మీదే వాలాయి. అప్పుడు అత్తయ్య షెడ్డులోంచి ఆ పద్నాలుగు మూతలూ తెచ్చి మా ఆయన ముందు పడేసింది. ఆయన వాటికి చిల్లులు పొడిచి, పాత వైండింగ్ తీగకు గుచ్చి, పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టాడు. గాలి వీస్తే చాలు, మూతలన్నీ గలగలా కొట్టుకునేవి. గాలి లేనప్పుడు గట్టు మీద కూర్చుని తీగ లాగేవాళ్ళం. ఒక లాగు ఆయన, ఒక లాగు నేను. టిఫిన్ డబ్బా మధ్యలో. పెళ్ళికి ముందు సముద్రం చూడ్డానికి తీసుకెళ్తానన్నాడు. అది ఇప్పటికీ చూడలేదు. మూతల చప్పుడు దాని కంటే తక్కువేం కాదనిపించింది.

"పారేద్దామన్నావు," అంది అత్తయ్య నాతో, గట్టు మీదుగా పోతూ.

తొంభై రోజులకు ముందు పండిన మడులు కోశాం. నూర్చి, తూర్పారబట్టి, టార్పాలిన్ పట్టాల మీద ఎండబోశాం. సందేహం బాబాయికి పట్టా చాలక తార్రోడ్డు మీద ఎండబోశాడు. రోడ్డు మీద వద్దని నేను ఒక పాఠమంతా చెప్పి ఉన్నాను. "ఊడ్చాకే పోశానమ్మా," అన్నాడు. గింజలో తేమ ఎంత శాతముందో చూడటానికి ఆఫీసు వాళ్ళు ఒక మీటరిచ్చారు. నేను గింజలు అందులో పోసి, మీట నొక్కి, అంకె కోసం చూస్తుంటే అత్తయ్య నాలుగు గింజలు నోట్లో వేసుకుని కటుక్కున కొరికేది.

"పన్నెండు," అనేది.

మీటరు పన్నెండున్నర చూపించేది.

"దానికి పళ్ళు లేవు," అనేది.

మర ఆడే ముందురోజు పది బస్తాలూ షెడ్డుకు చేరాయి. మరుసటి రోజు పొద్దున్న మా ఆయన స్విచ్ వేశాడు. మర ఒకసారి దగ్గి, తరవాత నిదానంగా ఊపందుకుంది. ఒకవైపు పొట్టు పొగలా లేస్తుంటే, ఇంకోవైపు లేత పసుపు బియ్యం ధారగా పడింది. ముప్పై మందీ ఆ ధార కింద చేతులు పెట్టి చూసుకున్నారు. సందేహం బాబాయి రెండు చేతులూ పట్టాడు. ఆయన ఏమీ అడగలేదు. ఇన్ని నెలల్లో అదే మొదటిసారి.

బియ్యమంతా ఒకే పట్టా మీద కుప్ప పోయించి పారలతో మూడుసార్లు తిరగేయించాను. ఏ బస్తా విప్పినా సరుకు ఒకేలా ఉండాలన్నది నా పాఠాల్లో తొమ్మిదోది. పది బస్తాల కొర్రలు ఆరున్నర బస్తాల బియ్యమయ్యాయి.

మంగళవారం హాస్టల్ వార్డెనమ్మ వచ్చింది. పొడుగ్గా, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేసుకుని, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేలా ఉంది. బస్తాలోంచి తనే గుప్పెడు తీసి నాకిచ్చి, "వండి పెట్టమ్మా," అంది. షెడ్డు పక్కనే స్టవ్ మీద వండాను. మెతుకు మెతుకు విడివిడిగా, మెత్తగా ఉడికింది. అంతమంది మధ్య ఆవిడ కుర్చీలో కూర్చుని ఉత్త అన్నమే ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

కరుక్కుమంది.

పెద్ద చప్పుడేం కాదు. కానీ అందరూ విన్నారు. ఆవిడ నమలడం ఆపి, మళ్ళీ మెల్లగా మొదలుపెట్టింది. మళ్ళీ వచ్చింది ఆ చప్పుడు. ఇంకో బస్తా విప్పించింది. మళ్ళీ వండాను. అన్ని బస్తాలూ ఒకేలా ఉన్నాయి, నేను నేర్పినట్టే.

"రుచి బాగుంది," అంది వార్డెనమ్మ పళ్ళెం కింద పెట్టి. "కానీ నా దగ్గర మూడొందల మంది పిల్లలు తింటారు. ఇసుక నేను పెట్టలేను." లేస్తూ నా మొహం చూసిందేమో, "శనివారం ఈ దారినే వెళ్తాను. మళ్ళీ ఒకసారి ఆగుతా. అప్పటికీ ఇంతే అయితే మీ ఆఫీసుకు ఆ మాటే చెప్పాలి నేను," అంది.

బండి మలుపు తిరగకముందే అందరి మొహాలూ సందేహం బాబాయి వైపు తిరిగాయి.

"తార్రోడ్డు," అన్నారెవరో.

"చెప్పిందిగా ఆ పిల్ల, రోడ్డు మీద వద్దని."

"ఊడ్చాకే పోశాను," అన్నాడాయన. ఆయన వైపు చూడకుండానే ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. కొయ్యని పొలాలు ఇంకా ఇరవై ఉన్నాయి. మర వెళ్ళిపోతే ఆ పంటంతా పిట్టలకే. అవన్నీ నా మాట మీద వేసిన పొలాలు.

ఆ సాయంత్రం పొయ్యి మీది కూరలోకి ఉప్పు కోసం అలమర తీస్తే, వెనక వరసలో నా చేత్తో రాసిన చీటీ కనిపించింది. విత్తనం. డబ్బా తీస్తే తేలిగ్గా వచ్చింది. అంచుల్లో చిటికెడు మిగిలి ఉంది. అరచేతిలో వేసుకుని వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళాను. లేత పసుపు గింజలు, లేత పసుపు రేణువులు. ఏది ఏదో నాకే తెలియలేదు. నోట్లో వేసుకుంటే తెలిసింది.

మూత పెట్టేసి కొట్టుకు నడిచాను. మా ఆయన ఒక మోటారును పొట్ట విప్పి కూర్చున్నాడు. చెప్పాను.

ఆయన చేతిలో తీగ కింద పెట్టాడు. "అమ్మ బస్తా జానెడు వెలితి ఉందని అంది మొన్న. నింపుకుంటాలే అంది."

"అడగనా?"

"ఏమని అడుగుతావు?"

"అదే తెలియడం లేదు."

"అడక్కపోతే బాబాయి మోస్తాడు," అన్నాడు. తీగ మళ్ళీ చేతిలోకి తీసుకుని, "అడిగితే అమ్మ మోస్తుంది," అన్నాడు.

అది నాకూ తెలుసు. ఆ వూళ్ళో అత్తయ్యను ఎవరూ ఒక మాట అనగా నేను వినలేదు. రెండెకరాలూ వేసి ముప్పై మందిని నిలబెట్టిన మనిషి. రాత్రి భోజనాల దగ్గర ముగ్గురం తలొంచుకుని తిన్నాం. నేను ఏమీ అడగలేదు. పొద్దున్న పాఠంలో ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. ఆ ఏదో ఒకటి ఏమిటో తెల్లారేదాకా తేలలేదు.

బుధవారం పొద్దున్న అందరూ వచ్చారు. సందేహం బాబాయి ముందు వరస వదిలేసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను నోరు తెరవకముందే చెయ్యెత్తాడు, అలవాటు కొద్దీ.

"అమ్మా, నాకే సందేహంగా ఉంది. నావల్లే అయ్యుంటుంది. నా బస్తా తీసేసి లెక్క చూడండి."

కలిపేసిన కుప్పలోంచి ఏ బస్తా తీస్తాం. ఆ మాట చెప్పబోతుంటే వెనక బల్ల కిర్రుమంది. అత్తయ్య లేచి ముందుకు నడిచి వచ్చింది. చేతిలో డబ్బా. దాన్ని నా బల్ల మీద పెట్టింది, చీటీ అందరికీ కనబడేలా.

"రోడ్డు మీద పోసింది ఆయనే," అంది. "ఇసుక మాత్రం ఆయనది కాదు. నాది."

డబ్బా మూత తీసింది.

"ముందు కోసిన మడి గింజ బస్తాకి జానెడు వెలితైతే ఇది పోసి నింపాను. విత్తులప్పుడు మీ అందరి దగ్గరా తెచ్చుకున్న మిగులు. రెండుసార్లు జల్లించే దాచాను. కింద దుమ్ము దిగింది, ఇసుక పోయిందనుకున్నా. నా ఎరికలో ఇసుక ఎప్పుడూ జల్లెడకి చిక్కకుండా పోలేదు." డబ్బా మీద వేలితో తట్టింది. "పోసేటప్పుడు బరువుగా అనిపించింది. గట్టి గింజ అనుకున్నా."

తరవాత నావైపు తిరిగి, నాకొక్కదానికే వినబడేలా అంది: "మూత నేనింత బిగించను. నువ్వు చూశావని తెలిసింది."

నా కాళ్ళు వాటంతటవే బల్ల ముందుకు వచ్చాయి.

"అత్తయ్య జల్లెడకు ఇసుక చిక్కకపోవడం నా వల్లే," అన్నాను. "ఇసుకను గింజ సైజుకి జల్లించమన్నది నేను. గింజకీ ఇసుకకీ తేడా తెలియకూడదన్నది నేను. ఒక్క బస్తాలో ఉండాల్సింది ఆరున్నర బస్తాల్లోకీ వచ్చిందంటే, అన్నిటినీ కలిపి తిరగేయమన్నది కూడా నేనే. మిగిలింది ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఆ పాఠం నా దగ్గర లేదు."

గుమ్మం దగ్గర్నుంచి గొంతు వచ్చింది.

"అయితే అమ్మా, నా తప్పేం లేదంటావా?"

"లేదు బాబాయ్."

"రోడ్డు మీద పోసినా?"

"ఈసారికి లేదు."

"అదే, ఖాయం చేసుకుందామని," అంటూ వచ్చి ముందు వరసలో తన కుర్చీలో కూర్చున్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది. ఆ వూళ్ళో దాన్ని మళ్ళీ ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

మరి ఇసుక మాటేమిటి. జల్లెడ పనికిరాదు. రాళ్ళు తీసే మర వచ్చే ఏడాదికి గానీ రాదు. మా ఆయన ఫ్యాను పెట్టి చూద్దామన్నాడు, పెట్టాడు, ఇసుక అక్కడే ఉండి బియ్యం ఎగిరిపోయింది. చేటలో పక్కలకు ఊపి నేమితే కొంత వచ్చింది, కొంత రాలేదు.

"రెండు బేసిన్లు తెండి," అంది అత్తయ్య. "నీళ్ళు కూడా."

ఒక బేసిన్లో రెండు గుప్పెళ్ళ బియ్యం పోసి నిండా నీళ్ళు పోసింది. మణికట్టు దగ్గర మాత్రమే కదిలిస్తూ, ఉయ్యాల ఊపినట్టు, బేసిన్‌ను ఇటూ అటూ తిప్పింది. బియ్యం నీళ్ళలో లేచి తేలుతున్నట్టు కదిలింది. ఆ ఊపు ఆగకుండానే అంచు వంచి, నీళ్ళతో పాటు బియ్యాన్ని రెండో బేసిన్లోకి జారవిడిచింది. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ ఊపు. మళ్ళీ వంచడం. గాలించడం నేను చూడనిది కాదు. మా అమ్మ బియ్యం కడిగేటప్పుడు రోజూ చేసేది. నేనే కుక్కర్లో పోసి కుళాయి తిప్పే రకం. మూడోసారికి మొదటి బేసిన్ అడుగున గోరంత, నెలవంకలా, ఇసుక మిగిలింది. బియ్యం రంగులోనే ఉంది. కళ్ళతో చూసి ఏరాలంటే ఎవరి వల్లా కాదు. అత్తయ్య దాన్ని చూడను కూడా లేదు. వేలితో తాకి, "ఇదుగో," అంది.

ఆ రెండు గుప్పెళ్ళూ వండాను. ముప్పై మందికీ తలా చెంచాడు వచ్చింది. అందరూ ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు. ముప్పై దవడలు మెల్లగా, చెవులు రిక్కించి నములుతున్నాయి. నేను నా పళ్ళకంటే పక్కవాళ్ళ పళ్ళనే ఎక్కువ విన్నాను. మా ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు.

ఏ చప్పుడూ రాలేదు.

"ఇంకో చెంచా పెడితే గానీ చెప్పలేను," అన్నాడు సందేహం బాబాయి. మా ఆయన తన చెంచాలో మిగిలింది ఇచ్చేశాడు.

ఆరున్నర బస్తాలు. ముప్పై మంది. గాలించాక ఎండకు రెండు రోజులు ఆరాలి, లేకపోతే బూజు పడుతుంది. శనివారం వార్డెనమ్మ వస్తుంది. నేను బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకుని లెక్క వేయడం మొదలుపెట్టాను. మనిషికి ఎంత, గంటకు ఎంత, నీళ్ళు ఎన్ని బిందెలు.

అత్తయ్య వచ్చి నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది. నా అంకెల జోలికి పోలేదు. నేను రోజూ రాసే కింది మూల దగ్గరికి వంగి, ఒక్కో అక్షరం ఆగి ఆగి, కొంచెం పెద్దగా రాసింది.

రేపటి పాఠం: గాలించడం.
తెచ్చుకోవలసినవి: బేసిన్లు రెండు, బిందె ఒకటి, ఎండబోయడానికి శుభ్రమైన దుప్పటి.

దుప్పటి అన్న చోట మా ఆయన నావైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"చెప్పేది ఎవరు వదినా?" అన్నాడు సందేహం బాబాయి.

"నేను," అంది అత్తయ్య. చేతికంటిన సుద్ద దులుపుకుని నావైపు చూసింది. "నువ్వు వెనక బల్ల మీద కూర్చో. సందేహాలుంటే చెయ్యెత్తు."

నేను వెళ్ళి వెనక బల్ల మీద, ఆవిడ చోట్లోనే కూర్చుని, చెయ్యెత్తాను.

"ఏమిటమ్మా?"

"రేపు ఎన్నింటికి అత్తయ్యా?"

"ఆరింటికి. ఎండ రాకముందు గాలింపు అయిపోవాలి, వచ్చేసరికి బియ్యం దుప్పట్ల మీద ఉండాలి," అంది. "ఆలస్యంగా వచ్చినవాళ్ళు నీళ్ళు మోస్తారు."